ఇంటర్వ్యూ అయిన తరువాత ఫలితం ఎప్పుడు, ఎలా అడగాలి?

పెనుకొండ దగ్గరి కియా కర్మాగారానికి విడిభాగాలు అందించే కంపెనీ అయినా, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ అయినా, కర్నూలులోని ప్రైవేటు ఆసుపత్రి అయినా, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థ అయినా, ఇంటర్వ్యూ ముగిశాక సాధారణంగా వినిపించే మాట ఒక్కటే: "మేమే ఫోన్ చేస్తాం." మన అనంతపురం, కడప పిల్లల్లో కొందరు ఆ మాట నమ్మి వారాల తరబడి నోరు మెదపకుండా కూర్చుంటారు; మరికొందరు ఓపిక పట్టలేక రోజూ ఫోన్ చేసి విసిగిస్తారు. రెండింటివల్లా నష్టమే. పద్ధతిగా అడిగితే ఫలితం కనుక్కోవడంలో తప్పేమీ లేదు, దానికి మొహమాటపడవలసిన పని అంతకన్నా లేదు. (ఏపీపీఎస్సీ వంటి ప్రభుత్వ నియామకాలకు మాత్రం ఇది వర్తించదు, వాటి ఫలితాలను కమిషన్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.)

ఈ పని ఇంటర్వ్యూ గదిలోంచి లేవకముందే మొదలవుతుంది. "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నప్పుడు చాలామంది "ఏమీ లేదు సార్" అని లేచి వచ్చేస్తారు. అలా కాకుండా, "ఫలితం ఎప్పటిలోగా తెలుస్తుంది సార్? ఆలోగా తెలియకపోతే ఎవరిని అడగమంటారు?" అని అడగాలి. తరువాత చేయవలసినదంతా ఆ జవాబును బట్టే ఉంటుంది. బయటికి వచ్చాక, బస్సు ఎక్కకముందే, ఇంటర్వ్యూ చేసినవారి పేర్లు, హోదాలు, మీరు ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారు అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే ప్రయాణం చేసి ఇల్లు చేరేసరికి సగం మరచిపోతారు.

మొదటి ఈమెయిల్ 24 గంటల్లోగా వెళ్లాలి. మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలిచిన ఈమెయిల్‌కే జవాబుగా పంపితే, పాత వివరాలన్నీ అందులోనే ఉంటాయి కనుక మీరెవరో వారు వెతుక్కోనక్కరలేదు. కంపెనీలకు తేలికైన ఇంగ్లీషులో రాయడం మంచిది. మన ఊళ్లోని బడికో, దుకాణానికో అయితే తెలుగులో రాసినా నిండుగానే ఉంటుంది. అందులోని విషయం ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, నిన్న ఉదయం క్వాలిటీ విభాగంలో ట్రెయినీ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేసినందుకు ధన్యవాదాలు. వెర్నియర్ కాలిపర్ లీస్ట్ కౌంట్ గురించి మీరు అడిగినప్పుడు నేను వెంటనే చెప్పలేకపోయాను. ప్రధాన స్కేలుపై ఒక్కో విభాగం 1 మిల్లీమీటరు ఉండి, వెర్నియర్ స్కేలుపై 50 విభాగాలు ఉంటే అది 0.02 మిల్లీమీటర్లు. రాత్రి షిఫ్టులకు రావడానికి నాకు అభ్యంతరం లేదు. ఇంకేవైనా సర్టిఫికెట్లు కావాలంటే పంపగలను."

(లీస్ట్ కౌంట్ అంటే ఆ పరికరంతో కొలవగల అతి చిన్న కొలత.) కింద పేరు, ఫోన్ నంబరు రాస్తే చాలు. ఇందులో ఒట్టి కృతజ్ఞతలే కాక, ఆ రోజు మిగిలిపోయిన ఒక ప్రశ్నకు జవాబు కూడా ఉంది. తెలియని విషయాన్ని ఇంటికి వెళ్లి తెలుసుకునే మనిషి అని చదివినవారికి అర్థమవుతుంది. ఇంటి కష్టాలు, అప్పులు, చెల్లెలి పెళ్లి వంటివి ఇందులో రాయవద్దు. అవి నిజమే కావచ్చు, కానీ మీరు ఆ పని చేయగలరో లేదో తేల్చుకోవడానికి అవి వారికి పనికిరావు.

చెప్పిన గడువు దాటాక మరో రెండు మూడు పనిదినాలు ఆగి అప్పుడు అడగాలి. గడువేమీ చెప్పకపోతే వారం పది రోజులు ఆగవచ్చు. మధ్యలో సంక్రాంతో, ఉగాదో వస్తే ఆ సెలవులు కూడా కలుపుకోవాలి. ముందు ఈమెయిల్, దానికి జవాబు రాకపోతే ఒక్క ఫోన్, అదీ ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో. "నమస్కారం మేడమ్, ఫలానా తేదీన ఫలానా ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వచ్చాను, ఇప్పుడు మాట్లాడవచ్చా?" అని మొదలుపెట్టి, "ఇంకా నిర్ణయం కాలేదు" అంటే "మళ్లీ ఎప్పుడు అడగమంటారు?" అని మాత్రమే అడిగి పెట్టేయాలి. వారు ముందుగా వాట్సాప్‌లో పలకరించి ఉంటే తప్ప మీరు అందులో మెసేజ్ పెట్టవద్దు.

మన వైపు తెలిసినవాళ్లతో ఒక మాట చెప్పించే అలవాటు బలంగా ఉంది. ఆ కంపెనీలో పనిచేసే మామయ్య ఉంటే, నియామకం ఇంకా నడుస్తోందో లేదో ఆయన్ని కనుక్కోమనడం వరకు సబబే. ఒత్తిడి తెప్పించడం మాత్రం మీకే చెడు చేస్తుంది. నాన్నగారు హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయడం అంతకంటే హాని. ఆయన ప్రేమతోనే చేస్తారు, కానీ తన సంగతి తాను మాట్లాడుకోలేని మనిషికి పని ఎలా అప్పగించాలన్న అనుమానం అవతలివారికి వస్తుంది.

ఎదురుచూసే రోజుల్లో ల్యాండ్‌లైన్ నంబర్లను స్పామ్ అనుకుని కట్ చేయవద్దు. 080 బెంగళూరు కోడ్, 08554 అనంతపురం, 08562 కడప, 08518 కర్నూలు. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడినవి 30 రోజుల్లో చెరిగిపోతాయి కనుక దాన్ని కూడా రోజూ చూడాలి. ఉద్యోగం ఖాయమైందంటూ డిపాజిట్ అడిగితే పైసా కట్టకండి. ఒకవేళ కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

ఈలోగా మరో చోట ఆఫర్ వస్తే, దానికి ఏ తేదీలోగా జవాబివ్వాలో చెప్పి, ఆలోగా తమ నిర్ణయం తెలపగలరా అని మొదటివారిని మర్యాదగా అడగవచ్చు. రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే అక్కడితో ఆపి, మిగతా దరఖాస్తులు చూసుకోవాలి. "ఎంపిక కాలేదు" అని వస్తే దానికీ రెండు వాక్యాల జవాబు రాయాలి. ఎంపికైనవారు చేరకపోతే తరువాతి పేర్లు చూసే సంస్థలు ఉంటాయి కనుక, తెలియజేసినందుకు ధన్యవాదాలతో పాటు "ఈ ఉద్యోగంలో గాని, ఇలాంటి మరొకదానిలో గాని ఖాళీ వస్తే నా దరఖాస్తును పరిశీలించండి" అన్న వాక్యం అందులో తప్పక ఉండాలి.