పాత అంబాసిడర్ కిటికీల్లో వాన నీరు, తుప్పు: సమస్య - పరిష్కారం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో ఈ కారు తయారీ ఆగిపోయింది కాబట్టి, అంబాసిడర్ యజమాని ఉన్న తలుపులనే కాపాడుకోవాలి. అందుకు ముందుగా ఒక విషయం గ్రహించాలి. అద్దం పైకీ కిందికీ కదలాలంటే దానికీ బీడింగ్‌కూ (కిటికీ అంచున ఉండే రబ్బరు పట్టీకి) నడుమ కొద్దిపాటి సందు తప్పదు. ఆ సందులోంచి కొంత వాన నీరు తలుపు లోపలికి దిగి, అడుగునున్న రంధ్రాల గుండా బయటికి పోయేలాగే తలుపును రూపొందించారు. నీరు లోపలికి వెళ్లడం లోపం కాదు, అక్కడే నిలిచిపోవడం లోపం.

తలుపు వేసేటప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు

అడుగు రంధ్రాలు పూడుకుపోయాయని దీని అర్థం. చెట్టు కింద నిలిపే కారులో ఎండు వేపాకు, దుమ్ము, పాత బీడింగ్ నుంచి రాలిన రబ్బరు పొడి కలిసి మడ్డిగా పేరుకుంటాయి. కొన్ని కార్లలో అండర్‌కోటింగ్ (కారు అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత) కొట్టించినప్పుడే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అంచున రంగు లేచి తుప్పు అక్కడే మొదలవుతుంది కనుక, సన్నని వెదురు పుల్లతో మడ్డిని మెల్లగా కదిలించాలి. ఆ తర్వాత అద్దం పక్క సందులో చెంబెడు నీళ్లు పోసి చూడాలి. నీళ్లు వెంటనే ధారగా పడాలి. చుక్కలు చుక్కలుగా కారితే లోపల ఇంకా మడ్డి ఉన్నట్లే.

రంధ్రాలు బాగున్నా కాళ్ల కింద మ్యాట్ తడవడం

తలుపుకు లోపలివైపు బిగించే ట్రిమ్ ప్యాడ్ వెనుక ఉండవలసిన ప్లాస్టిక్ షీటు లేకపోవడమే సాధారణంగా దీనికి కారణం. అద్దం హ్యాండిల్ బాగుచేయడానికి ప్యాడ్ విప్పినప్పుడు ఆ షీటును చించి పారేయడం మామూలు. అది లేకపోతే ప్యాడ్ అట్ట నీరు పీల్చి ఉబ్బుతుంది, పైనున్న రెగ్జిన్ లేచిపోతుంది. దళసరి పాలిథీన్ షీటును కొలతకు కత్తిరించి, అంచులను జిగురుతో అతికించి, కింది అంచును మాత్రం తలుపు లోపలికి మడిచి దించాలి. కింది అంచు బయట ఉంటే, షీటు మీదుగా జారిన నీరంతా మళ్లీ మ్యాట్ మీదికే వస్తుంది.

తలుపు కింది అంచున రంగు పొక్కులు

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. బయటి రేకును లోపలి రేకు అంచు మీదికి మడిచిన చోట తడి చిక్కుకుని, తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. పొక్కు కనిపించేసరికి లోపల చాలా భాగం పోయి ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి వల్ల ఇది మరింత వేగంగా జరుగుతుంది. మొనదేలిన పనిముట్టుతో నొక్కినా రేకు గట్టిగా నిలిస్తే, వైర్ బ్రష్‌తో తుప్పు పొరలు రాల్చి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పూసి, డబ్బా మీద చెప్పినట్లు ఆరనిచ్చి, దానికి సరిపడే ప్రైమర్ వేయాలి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకకుండా, మాస్కు పెట్టుకుని నీటితో తడుపుతూ రుద్దాలి. రేకు లోపలికి దిగిపోతే టింకరింగ్ తప్పదు: కుళ్లిన భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొట్టించడం డబ్బు వృథా, ఎందుకంటే లప్పం వెనుక నుంచి తడి పీల్చుకుంటుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

అద్దం బిగుసుకుపోవడం

అద్దం జారే గాడిలోని ఫెల్ట్ తడిసి ముద్దయితే దాని వెనుక గాడి తుప్పు పడుతుంది. ఫెల్ట్ మార్చి, గాడిని శుభ్రం చేసి రంగు వేయాలి. బలవంతంగా హ్యాండిల్ తిప్పితే అద్దాన్ని పైకీ కిందికీ నడిపే రెగ్యులేటర్ పళ్లు అరిగిపోతాయి.

ముందు అద్దం మూల నుంచి డ్యాష్‌బోర్డు మీదికి చుక్కలు

ఒకరు లోపల కూర్చుని చూస్తుండగా, మరొకరు పైపుతో కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి నీళ్లు పట్టాలి. పైనుంచి పడితే నీరు అన్నిచోట్లా పారి అసలు చోటు తెలియదు. గట్టిపడి కుంచించుకుపోయిన రబ్బరు మీద సిలికాన్ పూయడం పొరపాటు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది రంగు పోయిన రేకును తినేస్తుంది. అద్దం తీయించి, రబ్బరు కూర్చునే అంచును శుభ్రపరిచి, ప్రైమర్, రంగు పూర్తిగా ఆరాకే కొత్త రబ్బరు వేయించాలి.

పనంతా అయ్యాక తలుపు లోపల క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టిస్తే మడతల్లోకి కూడా చేరి తడిని అడ్డుకుంటుంది. అయితే ఆ వ్యాక్సే అడుగు రంధ్రాలను మూసేయగలదు కనుక, అది ఆరకముందే ఒక్కో రంధ్రంలో పుల్ల పెట్టి తీయాలి.