పురుగుల టీమ్ కట్టి వరసగా ఓడిపోతున్నారా? తేడా ఎక్కడ కొడుతోందో చూద్దాం

మా గ్యాంగ్‌లో ఒక ఆదివారం పందెం పెట్టుకున్నాం, పోకెమాన్ షోడౌన్‌లో (ఆన్‌లైన్‌లో పోకెమాన్ పోరాటాలు ఆడుకునే సైట్) ఒక్కొక్కడు ఒక్కటే టైప్ (నిప్పు, నీరు, పురుగు లాంటి జాతి) తీసుకోవాలి, ఆరూ ఆ టైప్‌వే ఉండాలి, రెండో టైప్ ఏదైనా ఫర్లేదు, టెరా (మ్యాచ్ మధ్యలో టైప్ మార్చుకోవడం) మాత్రం వాడకూడదు. చీటీలు వేస్తే నాకు బగ్, అంటే పురుగుల టైప్ వచ్చింది. "నీ మీదకి పోకెమాన్ ఎందుకురా, హిట్ డబ్బా చాలు" అని ఒకడు అప్పుడే మొదలెట్టేశాడు. వాడన్నట్టే మొదటి 9 మ్యాచ్‌ల్లో 8 పోయాయి, మిగిలిన ఆ ఒక్కటీ అవతలోడి నెట్ పోవడం వల్ల నాకొచ్చింది. తర్వాత రీప్లేలన్నీ ముందేసుకుని కూర్చుంటే నేను చేసిన తప్పులు మళ్లీ మళ్లీ అవే కనిపించాయి. మీరు కూడా ఒకే టైప్ టీమ్ కడుతుంటే, ముఖ్యంగా పురుగులతో, మీకు కనిపిస్తున్న సమస్య ఏదో ఇక్కడ వెతుక్కోండి.

సమస్య: ఎవడూ కొట్టకుండానే సగం టీమ్ చచ్చిపోతోంది

పోకెమాన్‌ని మారుస్తారు, అది దిగీ దిగగానే హెచ్‌పీ (ప్రాణం) సగానికి పడిపోతుంది, తర్వాత ఏ చిన్న దెబ్బ తగిలినా అవుట్.

కారణం స్టెల్త్ రాక్. అవతలోడు ఒక్క టర్న్ ఖర్చు పెట్టి మన వైపు రాళ్లు వేస్తాడు, ఇక మనవాళ్లు దిగిన ప్రతిసారీ దెబ్బ తినాలి. ఆ దెబ్బ అందరికీ ఒకేలా ఉండదు, రాక్ టైప్ మనకి ఎంత ఎక్కితే అంత. మామూలుగా హెచ్‌పీలో 12.5 శాతం, రాక్‌కి వీక్ (దెబ్బ రెండింతలు తగిలేది) అయితే 25, డబుల్ వీక్ అయితే ఏకంగా 50. బగ్ రాక్‌కి వీక్, ఫ్లయింగ్ కూడా వీక్, అంటే బగ్-ఫ్లయింగ్ ఉన్నోడు దిగితే సగం ప్రాణం అక్కడే పోయినట్టు. నా మొదటి టీమ్‌లో స్కైథర్, వివిలాన్, మాస్క్వరెయిన్ ముగ్గురూ బగ్-ఫ్లయింగే, బొమ్మలు బాగున్నాయని పెట్టుకున్నా! వాళ్ల పక్కన వోల్కరోనా, బగ్-ఫైర్, అది కూడా డబుల్ వీకే. లెవెల్ 100లో హెచ్‌పీకి ఈవీలు (ఏది పెంచాలో చూసి మనం పంచుకునే పాయింట్లు) పెట్టకపోతే వోల్కరోనా హెచ్‌పీ 311, రాళ్ల మీద ఒకసారి దిగితే 155 గోవిందా, రెండోసారి దిగితే మిగిలేది 1. అవును, అక్షరాలా 1.

ఏం చెయ్యాలంటే ముందు ఆరుగురినీ రాళ్ల లెక్కన విడగొట్టండి. సైజర్, ఫోరెట్రెస్ ఇద్దరూ బగ్-స్టీల్, హెరాక్రాస్ బగ్-ఫైటింగ్, వీళ్లకి 12.5 శాతమే కాబట్టి ఎలాగోలా లాక్కొస్తారు. అరాక్వానిడ్, గాల్వాంటులా లాంటోళ్లకి 25. వోల్కరోనాకి 50. హెవీ డ్యూటీ బూట్స్ అని ఒక ఐటెమ్ ఉంది, 2019లో స్వోర్డ్, షీల్డ్ గేమ్స్‌తో వచ్చింది, అది తొడిగితే రాళ్లు, ముళ్లు ఏవీ తగలవు. వోల్కరోనాకి ఆలోచించకుండా అదే ఇచ్చెయ్యండి. ఆరుగురికీ బూట్స్ తొడగడం మాత్రం వద్దు, నేను అదీ చేశా, అప్పుడు దెబ్బలో పవర్ ఉండదు, పైగా ఎవడైనా నాక్ ఆఫ్ కొడితే బూట్స్ ఊడిపోతాయి, మళ్లీ మొదటికే వస్తాం.

రెండో పని, ఫోరెట్రెస్‌తో ర్యాపిడ్ స్పిన్. మన వైపు రాళ్లన్నీ ఊడ్చేస్తుంది. స్పిన్ వేస్తున్నా రాళ్లు పోవట్లేదంటే అవతల ఘోస్ట్ టైప్ దిగి ఉంటుంది చూసుకోండి, స్పిన్ నార్మల్ మూవ్, ఘోస్ట్‌కి తగలదు, తగలకపోతే ఊడవదు. మా స్టీల్ టీమ్ వాడు గోల్డెంగోని అచ్చం ఇందుకే పెట్టుకున్నాడు, నేను స్పిన్ నొక్కుతానని తెలిసిన ప్రతిసారీ దాన్ని దించేవాడు. అలాంటప్పుడు స్పిన్ కోసం మంకుపట్టు పట్టకుండా వోల్కరోనాని తీసుకొచ్చి ఒక ఫైర్ మూవ్ కొట్టండి, గోల్డెంగో స్టీల్-ఘోస్ట్, మంటకి ఆగదు. అది పోయాక తీరిగ్గా ఊడ్చుకోవచ్చు.

సమస్య: ఒక్క ఫైర్ పోకెమాన్ వచ్చి ఆరుగురినీ తుడిచేస్తోంది

ఇది అందరికీ వచ్చేదే. బగ్‌కి వీక్‌నెస్‌లు మూడు: ఫైర్, ఫ్లయింగ్, రాక్. ఆరుగురిలోనూ బగ్ ఉంది కాబట్టి, ఒకడిని పడేసిన మూవ్ దాదాపు అందరినీ పడేస్తుంది.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది, నాకైతే ఆ 8 ఓటముల తర్వాత గానీ తట్టలేదు. బగ్ వల్ల ఫైర్ దెబ్బ ఆల్రెడీ రెండింతలు. రెండో టైప్ ఎంత మంచిదైనా దాన్ని సగం చేస్తుంది, అంటే మామూలు దెబ్బకి తెస్తుంది, అంతే. అంతకన్నా కిందకి టైప్ వల్ల దిగదు. ఫ్లయింగ్‌కీ రాక్‌కీ కూడా ఇదే లెక్క, ఈ మూడూ అసలు తగలని టైప్ ఒక్కటీ లేదు. అందుకే "ఫైర్‌ని తట్టుకునే పురుగు" అని వెతికితే దొరకదు, దాన్ని ఎబిలిటీలో (పోకెమాన్‌కి ఉండే ప్రత్యేక గుణం) వెతకాలి.

అలా వెతికితే దొరికేదే అరాక్వానిడ్. బగ్-వాటర్ కాబట్టి ఫైర్ మామూలు దెబ్బ, దాని ఎబిలిటీ వాటర్ బబుల్ దాన్ని మళ్లీ సగం చేస్తుంది, బర్న్ అవ్వనివ్వదు, పైగా తను కొట్టే వాటర్ మూవ్స్‌ని రెండింతలు చేస్తుంది. లిక్విడేషన్ పవర్ 85, రెండింతలైతే 170, సొంత టైప్ బోనస్ కలిపితే 255! మా ఫైర్ టీమ్ వాడు ఎండ తెప్పించాడు, ఎండలో వాటర్ దెబ్బలు సగం అవుతాయి కదా అని ధీమాగా కూర్చున్నాడు, ఆ సగం, ఈ రెండింతలు చెల్లుకు చెల్లు అయిపోయి మామూలు లిక్విడేషనే వెళ్లి హీట్రాన్‌కి తగిలింది. వాడి మొహం చూడాలి ఆ రోజు.

అరాక్వానిడ్ నత్త కంటే స్లో అని మాత్రం మర్చిపోవద్దు, బేస్ స్పీడ్ (ఈవీలు, నేచర్ కలపకముందు ఉండే అంకె) 42. దెబ్బ తిన్నాకే తిరిగి కొడుతుంది, అందుకని ఫైర్ వాడిని చూడగానే దించాలి గానీ హెచ్‌పీ తగ్గాక దించి లాభం లేదు. రెండో కాపలాగా హెరాక్రాస్‌కి ఒక రాక్ మూవ్, ఒక ఎర్త్‌క్వేక్ ఉంచండి. చారిజార్డ్‌కి రాక్ నాలుగింతలు, హీట్రాన్‌కి ఎర్త్‌క్వేక్ నాలుగింతలు. ఇంకా ఫోరెట్రెస్‌తో మనం కూడా స్టెల్త్ రాక్ వెయ్యొచ్చు, చారిజార్డ్ దిగితే దానికీ సగం పోతుంది, అప్పుడు వాడికీ మన బాధ తెలుస్తుంది.

ఫ్లయింగ్ వాళ్లకి గాల్వాంటులా థండర్. థండర్ గురి 70 శాతమే కానీ కాంపౌండ్ ఐస్ ఎబిలిటీతో 91 అవుతుంది. ఆ మిగిలిన 9 శాతం కరెక్టుగా ముఖ్యమైన టర్న్‌లోనే వస్తుంది, దానికి నా దగ్గర మందు లేదు.

సమస్య: ప్రతి టర్న్ అవతలోడే ముందు కొడుతున్నాడు

పురుగులు మరీ స్లో కాదు గానీ పైస్థాయి వాళ్లతో చూస్తే వెనకే. స్టికీ వెబ్ (అవతలి వైపు సాలెగూడు పరిచే మూవ్) వెయ్యండి. నేల మీద దిగే ప్రతి అవతలి పోకెమాన్ స్పీడ్ మూడింట రెండు వంతులకి పడిపోతుంది.

ఒక లెక్క చూడండి, నాకు ఇది భలే నచ్చింది. ఫుల్ స్పీడ్ పెట్టిన గార్‌చాంప్ స్పీడ్ 333. వెబ్ మీద దిగితే 222. మన సైజర్ బేస్ స్పీడ్ 65, అంటే దాదాపు బద్ధకిష్టి, కానీ స్పీడ్‌లో 252 ఈవీలు పెడితే, నేచర్ (పోకెమాన్ స్వభావం) స్పీడ్ కాకుండా అటాక్ పెంచే అడమంట్ అయినా సరే, 229 వస్తుంది. 229, 222. సైజర్ గార్‌చాంప్ కంటే ముందు కొడుతుంది! ఈ లెక్క తెలియక నేను సైజర్ ఈవీలన్నీ హెచ్‌పీలో పోశా, వెబ్ వేసి కూడా వెనకే ఉండిపోయా.

వెబ్ వెయ్యడానికి గాల్వాంటులాని లీడ్‌లో పంపండి, ఫోకస్ సాష్ ఇస్తే ఎంత పెద్ద దెబ్బ తగిలినా 1 హెచ్‌పీతో నిలబడి ఒక వెబ్ వేసిపోతుంది. మొదటి టర్న్‌లో రాళ్లు ఉండవు కాబట్టి దానికి బూట్స్ అక్కర్లేదు.

వెబ్ వేసినా పని చెయ్యట్లేదా? అవతలోడు ఎగిరేవాడైనా, బూట్స్ వేసుకున్నా తగలదు. కింగాంబిట్ లాంటి డిఫయంట్ ఎబిలిటీ ఉన్నోడు అయితే ఇంకా ఘోరం, స్పీడ్ తగ్గించినందుకు కోపమొచ్చి అటాక్ డబుల్ అవుతుంది. వాడికి హెరాక్రాస్ క్లోజ్ కాంబాట్ నాలుగింతలు కాబట్టి హెరాక్రాస్‌ని అప్పటిదాకా బతికించుకోండి. సిండరేస్ ఉంటే కోర్ట్ చేంజ్‌తో మన వెబ్ మన వైపుకే వచ్చేస్తుంది. ఇవేవీ కాదంటే మీరే డీఫాగ్ వేసి ఉంటారు, అది మన వైపు రాళ్లతో పాటు అవతల పడున్న మన వెబ్‌ని కూడా తుడిచేస్తుంది. వెబ్ టీమ్‌లో ఊడవడానికి స్పినే పెట్టుకోవాలి, డీఫాగ్ వద్దు.

వెబ్ మీదే మొత్తం భారం వెయ్యొద్దు. ఒకడికి చాయిస్ స్కార్ఫ్ (స్పీడ్ ఒకటిన్నర రెట్లు చేసే ఐటెమ్) ఉండాలి: స్పీడ్ పెంచే జాలీ నేచర్‌తో ఫుల్ స్పీడ్ హెరాక్రాస్ స్పీడ్ 295, స్కార్ఫ్‌తో 442, డ్రాగపల్ట్ ఫుల్ స్పీడ్ 421 కాబట్టి దాన్ని కూడా దాటేస్తుంది. సైజర్‌కి బుల్లెట్ పంచ్ ఎలాగూ ఉంది, ముందు కొట్టే మూవ్.

సమస్య: కొడుతున్నా కానీ దెబ్బ తగిలినట్టే లేదు

బగ్ మూవ్స్ ఎక్కువ పెట్టేశారు. ఫైర్, ఫైటింగ్, ఫ్లయింగ్, పాయిజన్, ఘోస్ట్, స్టీల్, ఫెయిరీ, ఈ ఏడు టైపులూ బగ్ దెబ్బని సగం చేసేస్తాయి. బాగా తగిలేది గ్రాస్, సైకిక్, డార్క్‌లకే. ఒకొక్కరికి ఒక్క బగ్ మూవ్ చాలు, చాలామందికి అది యూ-టర్న్ (కొట్టి వెంటనే ఇంకొకరితో మారిపోయే మూవ్) అయితే సరిపోతుంది, మిగతావి రెండో టైప్ నుంచి తీసుకోండి. బగ్‌తోనే కొట్టాలని పంతం ఉంటే లోకిక్స్‌ని టింటెడ్ లెన్స్ ఎబిలిటీతో తెచ్చుకోండి, తగ్గిపోయిన దెబ్బని రెండింతలు చేస్తుంది, ఫస్ట్ ఇంప్రెషన్ మూవ్ దిగిన టర్న్‌లోనే ముందుగా కొడుతుంది. నేను ఫైర్ టీమ్ లేని రోజుల్లో అరాక్వానిడ్ తీసేసి దీన్ని పెడతా.

సమస్య: వోల్కరోనా ఒక క్వివర్ డ్యాన్స్ (తన పవర్, స్పీడ్ పెంచుకునే మూవ్) వేసి చచ్చిపోతోంది

తొందర. ఇంకేం లేదు. రాక్ మూవ్ ఉన్నోడు అవతల బతికుండగా డ్యాన్స్ వేస్తే అంతే సంగతులు. టీమ్ ప్రివ్యూలో ఆరుగురూ కనిపిస్తారు కదా, రాక్ మూవ్ ఎవడి దగ్గర ఉండొచ్చో అక్కడే ఇద్దరు ముగ్గురిని గుర్తుపెట్టుకుని, వాళ్లు పోయేదాకా వోల్కరోనాని బయటికి తియ్యకండి. ఒక్క డ్యాన్స్ పడిందా, స్పీడ్ 328 నుంచి 492.

సమస్య: టీమ్ చెల్లదు అని షోడౌన్ ఒప్పుకోవట్లేదు

ఐరన్ మాత్ పెట్టారు కదూ? చూడ్డానికి వోల్కరోనా అన్నదమ్ముడిలా ఉంటుంది కానీ అది ఫైర్-పాయిజన్, బగ్ కాదు. వోల్కరోనాకి ఇంకో చుట్టం స్లిథర్ వింగ్ మాత్రం బగ్-ఫైటింగ్, దాన్ని నిక్షేపంగా పెట్టుకోవచ్చు. గ్లైస్కార్, ఫ్లైగాన్ కూడా పురుగుల్లానే ఉంటాయి, కాదు. ఫ్లైగాన్ బగ్ కాదని తెలిసిన రోజు అరగంట సేపు మా వాళ్లతో గొడవ పడ్డా, పురుగులు పట్టే సరదాతో పెరిగిన సతోషి తజిరి చేసిన గేమ్‌లో ఫ్లైగాన్‌ని బగ్ చెయ్యకపోవడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.