సినిమా చూసి ఊరి లెక్కలు పట్టుకోవడం ఎట్లా?

సినిమాలో సమాజం కనిపిస్తుందా అని వాదించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కనిపిస్తుంది, కాకపోతే డైలాగుల్లో వెతకొద్దు. డైలాగు అన్నది రాసినాయన మనకు వినిపించాలని కూర్చొని రాసింది. పెద్దగా ఆలోచించకుండా, అలవాటుగా పెట్టేసినవి చూడండి: ఎవరు వడ్డిస్తున్నారు, ఎవరు నిలబడే ఉన్నారు, పైసలు ఎక్కడి నుంచి వస్తున్నాయి.

ముందు తిండి, అప్పు పట్టుకోండి. 2023లో వచ్చిన 'బలగం' సిరిసిల్ల వైపు ఊరి కథ, పల్లెల్లో తెర కట్టుకొని మరీ చూశారు. జనం ఏడ్చింది చనిపోయిన తాతకు పెట్టిన ముద్ద పిట్ట ముట్టనప్పుడు, చివర్లో కథలు పాడే బుడగ జంగాల పాటప్పుడు. ఏడవండి, తప్పేం లేదు. రెండోసారి చూసేటప్పుడు మాత్రం ఆ ఇంటి గొడవ ఎక్కడ మొదలైందో చూడండి: అల్లుడికి నల్లి బొక్క (మాంసంలో మూలుగ ఉండే ఎముక) వేయలేదని. దాని మీద ఏళ్ళ తరబడి రాకపోకలు బంద్! పోయింది బొక్క కాదు, నలుగురి ముందు మర్యాద. మన దగ్గర దావత్‌లో ఒక్కసారి వడ్డించిన వాళ్ళెవరికీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అటు మనవడు సాయిలుకేమో తాత పోయిన బాధ కన్నా పెళ్ళి ఆగిపోతుందన్న టెన్షనే ఎక్కువ, ఎందుకంటే కట్నం చేతికొస్తేనే అప్పు తీరేది. ఆ టెన్షన్ చూసి హాలంతా నవ్వుతుంది. కట్నం మనకు ఎంత మామూలైపోయిందో ఆ నవ్వులోనే తెలుస్తుంది, అందుకే తెరతో పాటు పక్క సీట్లనూ కాస్త గమనించండి.

ఇక యాస. ఒకప్పుడు మన తెలంగాణ యాసను కమెడియన్‌కో రౌడీకో ఇచ్చేవాళ్ళు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల హీరోయిన్ అయ్యి అదే యాసలో దబాయించింది, ఇప్పుడు హీరోలూ మాట్లాడుతున్నారు. సంతోషమే. కానీ అదే సినిమాల్లో డాక్టర్, కలెక్టర్, లాయర్ నోరు తెరిచినప్పుడు చెవి పెట్టండి, చాలాసార్లు అక్కడికొచ్చేసరికి యాస మాయమవుతుంది.

సీరియళ్ళకు ఇంత కష్టపడక్కర్లేదు, ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేసి సంపాదిస్తున్నారో చెప్పగలరా అని అడగండి చాలు.

సినిమా ఒక్కటే చూసి ఆగిపోకుండా అదే ప్రాంతం మీద వచ్చిన కథలు పక్కన పెట్టుకుంటే ఇంకా బాగా దొరుకుతుంది. 'దసరా' సింగరేణి బొగ్గు గనుల ఊరి సినిమా. ఆ ఊళ్ళోని సిల్క్ బార్ లోపల కూర్చొని తాగే హక్కు ఎవరిది, బయటే ఆగిపోవాల్సింది ఎవరు అన్నది గుర్తు పెట్టుకొని చూడండి, ఊళ్ళో కులం ఎక్కడ గీత గీసిందో తెలుస్తుంది. తర్వాత అల్లం రాజయ్య సింగరేణి కథలు చదవండి. బొగ్గు తవ్వే పని, కార్మికుడి కోపం కథల్లో ఎంత ఉన్నాయి, తెర మీద ఎంత మిగిలాయి? నా లెక్కలో ఆ తేడాయే అసలు ముచ్చట.

పైసలు పెట్టేది ఎవరో కూడా అడగాలి. దీనికి చేర్యాల నకాషీ పటాలను, అంటే విప్పుతూ కథ చెప్పే బొమ్మల గుడ్డలను, మించిన పాఠం లేదు (చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా గానీ, ఒకప్పుడు మన వరంగల్‌దే). పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ఇట్లా ఏ కులం పటం ఆ కులానిదే. పద్మశాలీల కథ చెప్పే కూనపులి వాళ్ళు పటం విప్పి పద్మశాలీల ముందు కథ చెబితే సంభావన ఇచ్చేది పద్మశాలీలే, అందుకే ఆ కథలో గొప్పతనం కూడా వాళ్ళదే. ఇప్పుడు కొనేది ఎక్కువగా పట్నం ఇళ్ళకు, షోరూములకు; దాంతో మాస్కులు, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు, పొలం పనుల బొమ్మలు పెరిగాయి. ఆ బొమ్మల్లో ఎవరి కులమూ కనిపించదు, ఎవరికీ అప్పు ఉన్నట్టూ ఉండదు. కొత్త సినిమా చూసొచ్చాక కూడా ఈ ప్రశ్నే వేసుకోండి: దీనికి సంభావన ఇస్తున్నది టికెట్ కొన్న మనమా, ఓటీటీ కంపెనీనా? ఎవరికి కోపం రాకూడదని ఏ సీన్ మెత్తబడిందో అప్పుడు దొరుకుతుంది.