విండోస్‌లో తెలుగు టైపింగ్ ఎలా? ఏదీ డౌన్‌లోడ్ చేయకుండా, ఎవరికీ డబ్బు కట్టకుండా

మా నాన్నగారు రిటైరయ్యాక ఒక శతకం రాశారు. 2006లో మా ఊళ్ళోనే ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి, వంద కాపీలు వేయించి, చుట్టాలందరికీ పంచారు. ఫైలున్న సీడీని అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచింది. మొన్నామధ్య రెండోసారి అచ్చు వేయిద్దామని ఆ సీడీ తీసి తెరిస్తే, స్క్రీన్ మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఏవో వింత అక్షరాలు. సీడీ పాడైపోయిందని అమ్మ బాధపడింది. సీడీ బాగానే ఉంది. అసలు ఆ ఫైల్లో మొదటి నుంచీ తెలుగే లేదు.

అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు అక్షరం బొమ్మ పెట్టేవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెరిస్తే తెలుగులా కనిపిస్తుంది, లేని చోట వేషం తీసేసినట్టు అసలు రూపం బయటపడుతుంది. యూనికోడ్ సంగతి వేరు. అందులో ‘క’కి, గుడికి, కొమ్ముకి, సున్నకి దేని నంబరు దానికుంది. ఫాంటు మార్చినా అక్షరం మారదు. ఫోన్లో వాట్సాప్‌లో మనం కొట్టే తెలుగు అదే. కంప్యూటర్లో కూడా అదే కొట్టడానికి కావలసిందంతా విండోస్‌లో ముందే ఉంది.

ఒక హెచ్చరిక చెప్పి మొదలుపెడతాను. ఒకప్పుడు గూగుల్ వాళ్ళు ఇన్‌పుట్ టూల్స్ అని విండోస్‌కి ఒక ప్రోగ్రామ్ ఇచ్చేవారు, చాలామందికి దానితోనే అలవాటు. దాన్ని వాళ్ళు ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు దాని పేరుతో ఎక్కడెక్కడో దొరికే ఫైళ్ళు ఎవరు పెట్టారో తెలియదు. వాటి జోలికి వెళ్ళకండి, అవసరం కూడా లేదు.

తెలుగు జోడించడం

విండోస్ 11లో ఇలా చేయాలి:

1. స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్ తెరవండి. ఎడమవైపు ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, అందులో ‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’.

2. ‘యాడ్ ఎ లాంగ్వేజ్’ నొక్కి, వెతికే పెట్టెలో ఇంగ్లిష్‌లోనే తెలుగు అని కొట్టండి. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి.

3. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. విండోస్ డిస్‌ప్లే భాషగా పెట్టమంటారా అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ ఉంటే తీసేయండి. లేకపోతే మెనూలన్నీ తెలుగులోకి మారిపోతాయి. తెలుగు మెనూలు నాకు ఇష్టమే, కానీ ‘కంట్రోల్ ప్యానెల్ ఎక్కడుంది’ అని ఇంట్లో వాళ్ళు నన్నే అడుగుతారు కాబట్టి మా ఇంట్లో ఇంగ్లిష్‌లోనే ఉంచాను.

4. ఇన్‌స్టాల్ నొక్కండి. కావలసినవి విండోసే తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి, కాసేపు పడుతుంది.

5. అయ్యాక జాబితాలో తెలుగు ఎదురుగా మూడు చుక్కలు కనిపిస్తాయి. అవి నొక్కి ‘లాంగ్వేజ్ ఆప్షన్స్’కి వెళ్ళి, కిందకి జరిగి కీబోర్డ్స్ దగ్గర ‘యాడ్ ఎ కీబోర్డ్’ నొక్కండి. ‘తెలుగు ఫొనెటిక్’ అన్నది ఎంచుకోండి.

విండోస్ 10లో కూడా దాదాపు ఇదే దారి. ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నెలలో వచ్చిన అప్‌డేట్‌తో మొదలైంది, కాబట్టి అంతకు ముందు వెర్షన్ వాడేవాళ్ళకి అది జాబితాలో కనిపించదు.

ఇక కొట్టడమే. విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకి, మళ్ళీ వెనక్కి మారుతుంది. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినా భాష మారుతుంది. దీనివల్లే ఏదో రాస్తుంటే ఉన్నట్టుండి వేరే భాష వచ్చేసి, వైరస్ ఎక్కిందని జనం కంగారుపడుతుంటారు. స్క్రీన్ కింద కుడిమూల గడియారం పక్కన ఇప్పుడు ఏ భాష నడుస్తోందో కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టే ముందు ఆ మూలకి ఓ చూపు వేయండి. అక్కడ మనం కొట్టేది చుక్కల్లో కదా పడేది, తెలుగు పడినా తెలియదు. మూడుసార్లు ‘తప్పు’ అనిపించుకుని అకౌంట్ లాక్ చేసుకున్న అనుభవం నాకుంది.

ఒక్కో విండోకి ఒక్కో భాష గుర్తుంచుకునేలా కూడా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో టైపింగ్, అందులో ‘అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్’కి వెళ్తే ప్రతి యాప్ విండోకి వేరే ఇన్‌పుట్ పద్ధతి అనే గడి ఉంటుంది, టిక్ పెట్టండి. వర్డ్‌లో తెలుగు, బ్రౌజర్లో ఇంగ్లిష్ ఎక్కడివక్కడ ఉంటాయి.

ఫొనెటిక్‌ వాడాలా, ఇన్‌స్క్రిప్ట్‌ వాడాలా

ఫొనెటిక్ అంటే పలికినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు మాటలు కొన్ని చూపిస్తుంది, కావలసింది ఎంచుకోవాలి. ఫోన్లో అలవాటున్న వాళ్ళకి ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. చిక్కల్లా ఇంగ్లిష్‌లో ఒకేలా ఉండి తెలుగులో వేరైన మాటలతోనే. ‘కళ్ళు’ అని రాయబోయి చూసుకోకుండా స్పేస్ కొడితే ‘కల్లు’ పడొచ్చు. కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ గురించి మా బాబాయికి మెయిల్ రాస్తూ నేను చేసిన పని అదే. ల–ళ, న–ణ, ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, వీటి దగ్గర జాబితా చూసి మరీ నొక్కాలి.

నెలకో ఉత్తరం, రెండు మెయిళ్ళు రాసేవాళ్ళకి ఇది చాలు. రోజూ పేజీలకి పేజీలు రాసేవాళ్ళు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండని నా గట్టి సలహా. జాబితాలో ఉట్టి ‘తెలుగు’ అని కనిపించే కీబోర్డు అదే. 1986లో మన కేంద్ర ప్రభుత్వమే భారతీయ భాషలన్నిటికీ కలిపి తయారుచేయించిన అమరిక ఇది. హిందీలో ‘క’ ఎక్కడుంటుందో తెలుగులోనూ అక్కడే ఉంటుంది.

బయటికి కష్టంగా కనిపిస్తుంది గానీ లోపల మంచి పద్ధతి ఉంది. అచ్చులు, గుణింతం గుర్తులు ఎడమచేతి కింద. హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి కింద. మామూలుగా నొక్కితే అల్పప్రాణం, షిఫ్ట్‌తో నొక్కితే ఒత్తక్షరం: కె నొక్కితే క, షిఫ్ట్ కె అయితే ఖ. ఐ నొక్కితే గ, షిఫ్ట్‌తో ఘ. అలాగే ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్ట్‌తో ‘ఇ’ అచ్చు. జి నొక్కితే కొమ్ము, షిఫ్ట్‌తో ‘ఉ’.

ఒక మాట కొట్టి చూడండి. ‘తెలుగు’కి కీలు వరసగా ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. అంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. బడిలో గుణింతం చదివిన వరసే. మొత్తం ఆరు కీలు, మధ్యలో జాబితాలు, ఎంపికలు ఏమీ లేవు. వత్తు కావాలంటే రెండు హల్లుల మధ్య డి నొక్కాలి, అది పొల్లు. ‘అమ్మ’ కొట్టడానికి షిఫ్ట్ డి, సి, డి, సి. ‘శ్రీ’కి షిఫ్ట్ ఎం, డి, జె, ఆర్.

కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు కొనకండి. నెల తిరక్కుండా అరిగిపోతాయి, పైగా కళ్ళు ఎప్పుడూ కిందనే ఉంటాయి. దాని బదులు విండోస్ కీ, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కండి. స్క్రీన్ మీద కీబోర్డు వస్తుంది. భాష తెలుగులో పెట్టి ఉంటే దాని మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. షిఫ్ట్ నొక్కితే ఒత్తక్షరాలు, అచ్చులు. దాన్ని ఓ మూల పెట్టుకుని రోజూ అరగంట కొట్టండి. నాకు రెండు వారాల్లో దాని వైపు చూడడం తగ్గిపోయింది. కొటేషన్లు, బ్రాకెట్లు, కోలన్ లాంటివాటి చోట్లలో ట, డ, ఛ కూర్చున్నాయి కాబట్టి వాటికి మాత్రం ఇంగ్లిష్‌లోకి మారి రావాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో నాకు విసుగు తెప్పించేది ఇదొక్కటే.

‘సాఫ్ట్‌వేర్’ అని రాయబోతే ‘వే’ పోయి ‘ట’ కింద వత్తుగా దూరడం అందరికీ ఎదురయ్యేదే. పొల్లు పక్కన హల్లు వస్తే వత్తు చేయడం కంప్యూటర్ ధర్మం. వద్దని చెప్పడానికి ఆ రెండింటి మధ్య కంటికి కనపడని ఒక అక్షరం పెట్టాలి. వర్డ్‌లో అయితే పొల్లు పెట్టాక ఇంగ్లిష్‌కి మారి, 200 కొట్టి వెంటనే ఇంగ్లిష్ సి అక్షరం కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమై, వాటి చోట ఆ కనపడని అక్షరం వస్తుంది. ఇప్పుడు తెలుగులోకి వచ్చి ‘వేర్’ కొట్టండి, వత్తు కాకుండా పక్కనే నిలబడుతుంది.

ఫాంటు సంగతి చెప్పాలంటే, విండోస్ 8 నుంచీ నిర్మల యూఐ అనేది దానితోనే వస్తోంది. చదవడానికి బాగుంటుంది, శుభలేఖకి పనికిరాదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి, పెద్దన లాంటివి ఉచితంగా దొరుకుతాయి. జిప్ ఫైలు విప్పి, లోపలి ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే చాలు. శీర్షికలకి నేను రామభద్రే వాడతాను.

పాత ఫైళ్ళని బతికించుకోవడం

మళ్ళీ నాన్నగారి శతకం దగ్గరికి. ఇలాంటి ఫైలు మీ దగ్గరుంటే ముందు అది ఏ ఫాంటులో ఉందో తెలుసుకోండి. వర్డ్‌లో తెరిచి, ఆ వింత అక్షరాల మీద క్లిక్ చేస్తే పైన ఫాంటు పెట్టెలో పేరు ఉంటుంది. మన దగ్గర డీటీపీలో ఎక్కువగా వాడింది అను ఫాంట్లు. వాటి నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మీ అను ఫాంటు ఏ వెర్షన్ అని కన్వర్టర్ అడిగితే, అది చూపించేవి ఒక్కొక్కటే ప్రయత్నించి చూడండి, తప్పు వెర్షన్‌తో మారిస్తే మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. పేజ్‌మేకర్ ఫైలైతే ఆ ప్రోగ్రామ్ ఇంకా ఉన్న డీటీపీ వాళ్ళని పట్టుకుని, టెక్స్ట్‌గా బయటికి తీసి ఇమ్మనాలి. ఆస్తి కాగితాలు, వీలునామాలు మాత్రం ఊరూపేరూ తెలియని సైట్లలో పేస్ట్ చేయకండి.

ఒకేసారి అంతా కాకుండా రెండు పద్యాలు మార్చి చూసుకోండి. పాత ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలుగా అతికేవారు. ‘మ’ అంటే ‘వ’ ఆకారం పక్కన ఒక కొమ్ములాంటి ముక్క అన్నమాట. మార్చేటప్పుడు ఆ ముక్కలు విడిపోతే మ, ఘ, ఝ దగ్గర తేడా కొడుతుంది. నాకు ‘మనసు’ కొన్నిచోట్ల ‘వునసు’ అని వచ్చింది. ఇలాంటివి వర్డ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి ఒక్కసారే మార్చేయొచ్చు గానీ, ‘రీప్లేస్ ఆల్’ నొక్కే ముందు నాలుగైదు చోట్ల విడిగా మార్చి చూడండి.

ఫైలే లేదు, అచ్చు పుస్తకం ఒక్కటే ఉందనుకోండి. పేజీని మంచి వెలుతురులో, నీడ పడకుండా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్లో ఆ ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే, పైన ఫొటో, కింద అందులోంచి చదివిన తెలుగు వస్తాయి. వచనం బాగా చదువుతుంది. పద్యాల్లో మాత్రం అరసున్నలు, సంధులు దానికి మింగుడుపడవు.

మా శతకంలో కన్వర్టర్‌కి లొంగని పద్యాలు పదిహేడు మిగిలాయి. అవి నాన్నగారు చదువుతుంటే నేను కొట్టాను. మధ్యలో రెండుచోట్ల ఆగి, ‘ఇక్కడ యతి కుదరలేదురా, అప్పుడు చూసుకోలేదు’ అని మార్పించారు. అచ్చుకి పంపేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పెట్టాను, ఎందుకంటే పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే చాలాసార్లు గుణింతాలు చెదిరిపోతాయి. ప్రెస్ అబ్బాయి పుస్తకం పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ ప్రోగ్రామ్‌లో పేస్ట్ చేసి, వత్తులన్నీ విడివిడిగా వస్తున్నాయని ఫోన్ చేశాడు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోమన్నాను. ‘ఆ... కలిశాయి సార్’ అని పెట్టేశాడు.