పుట్ ఆఫ్: ఆగింది కానీ పోలేదు
(ఫ్రేజల్ వెర్బులు, 7వ పాఠం)

పోయిన పాఠంలో కాల్ ఆఫ్ చూశాం. అంటే రద్దు చేసుకోవడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. ఈ రెండూ చాలామందికి కలిసిపోతాయి, అందుకే వెంటనే ఇది పెడుతున్నాను.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది. అలాంటి వరదలో లంకలోకి వెళ్లే కాజ్‌వే మునిగిపోయిందనుకోండి. ఆ లంకలోనే నిశ్చితార్థం. మగపెళ్లివారిని పడవ మీద దాటించడానికి పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. వరద తీశాక మరో మంచిరోజు చూసుకుందామంటే: "దే పుట్ ఆఫ్ ది ఎంగేజ్‌మెంట్." సంబంధమే వద్దనుకుంటే: "దే కాల్డ్ ఆఫ్ ది ఎంగేజ్‌మెంట్." అమెరికాలో ఉన్న మేనమామకు ఈ కబురు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టేవాళ్లు ఒక మాటకు ఇంకో మాట వాడితే ఎంత కంగారో చూడండి. అన్నట్టు, భూతకాలంలోనూ పుట్ అలాగే ఉంటుంది, మారదు.

ఇప్పుడు అసలు సంగతి. "పుట్ ఆఫ్ ద మీటింగ్", "పుట్ ద మీటింగ్ ఆఫ్" రెండూ ఒప్పే. కానీ మీటింగ్ బదులు ఇట్ వస్తే దాని చోటు మధ్యలోనే: "పుట్ ఇట్ ఆఫ్". "పుట్ ఆఫ్ ఇట్" తప్పు. దెమ్ అయినా అంతే. పైకి అని చూడండి: "పుటిటాఫ్". ఇట్ తేలిగ్గా జారిపోయి, ఊనిక ఆఫ్ మీద పడుతుంది. ఈ పాఠంలో ఇదొక్కటి నోటికి పట్టుబడితే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి. ఓ పదిసార్లు పైకి అనండి, మనసులో కాదు.

పుట్ ఆఫ్ తర్వాత ఇంకో క్రియ వస్తే దానికి ఇంగ్ చేరాలి: "షి పుట్ ఆఫ్ గోయింగ్ టు రాజమండ్రి." ఇక్కడ "టు గో" కుదరదు.

ఇంకో అర్థం ఉంది: ఒకదాని మీద మనసు విరిచేయడం. పులస ఎంత రుచైనా ముళ్లు ఎక్కువ. ఆ ముళ్లకు జడిసి మానేసినవాడి గురించి, "ద బోన్స్ పుట్ హిమ్ ఆఫ్ పులస." హిమ్ మళ్లీ మధ్యలోనే ఉంది, గమనించారా?

లైటు ఆర్పడానికి మనవైపు పుట్ ఆఫ్ అంటుంటారు. ఇప్పటి ఇంగ్లీషులో టర్న్ ఆఫ్ గానీ స్విచ్ ఆఫ్ గానీ వాడండి.

వీటిని ఇంగ్లీషులో చెప్పండి, జవాబులు వచ్చే పాఠంలో:
మూఢం వచ్చిందని గృహప్రవేశం వాయిదా వేశారు.
కళ్లు చూపించుకోవడం ఎందుకు వాయిదా వేస్తున్నావురా?
దాన్ని ఇంక వాయిదా వేయకండి మావయ్యా.