ఫోటో తెరిచే సాఫ్ట్‌వేర్‌లో గండ్లు: స్టూడియో, ఫ్లెక్స్ షాపు కంప్యూటర్లకు ప్యాచ్‌లు వేసుకునే పద్ధతి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, ఎక్కడి ఫ్లెక్స్ షాపు చూసినా పొద్దున్నుంచి జరిగే పని ఎవరో పంపిన ఫోటో తెరవడమే. పెళ్లివారు వాట్సాప్‌లో పంపుతారు, ఫోటోగ్రాఫరు పెన్‌డ్రైవ్‌లో తెస్తాడు, ఆల్బమ్ డిజైనరు రార్ ఫైలు (చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టినది) పెడతాడు. సంక్రాంతి ఫ్లెక్సులు, ఆ వెనకే మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక దేనికీ తీరిక దొరకదు. కాబట్టి ప్యాచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను మూసే సవరణలు, వేసుకునే పని అంతకు ముందే కానివ్వాలి. ఒక్కో కంప్యూటరుకి పూట సమయం చాలు.

ముందు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. ఫోటో ఫైలు మొదట్లోనే వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని రాసి ఉంటుంది. ఫోటోను విప్పే కోడు, అంటే డీకోడర్, ఆ అంకెలను బట్టి మెమరీలో చోటు తీసుకుంటుంది. రెండూ 32768 అని ఉన్నాయనుకోండి. పిక్సెలుకి 4 బైట్ల చొప్పున 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 బైట్లు కావాలి. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా దీనికి ఒకటి తక్కువ. కాబట్టి లెక్క మీటరు తిరిగినట్టు తిరిగి సున్నాకి వచ్చేస్తుంది. సరిచూసుకోని డీకోడర్ అయితే చోటు లేకుండానే పిక్సెళ్లు పోయడం మొదలుపెడుతుంది. పిల్లకాలువలోకి ప్రధాన కాలువ నీళ్లన్నీ వదిలితే ఏమవుతుంది? గట్టు తెగి పక్క చేను మునుగుతుంది. ఇక్కడ పక్క చేను అంటే, ప్రోగ్రాము తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామాలు ఉండే చోటు. వాటి మీద తనకు కావలసింది రాయించగలిగినవాడికి మీ కంప్యూటరు చేతికి వచ్చినట్టే.

2023 సెప్టెంబరులో బయటపడిన లిబ్‌వెబ్‌పీ (వెబ్‌పీ రకం బొమ్మలను విప్పే కోడు) లోపం, దాని గుర్తింపు సంఖ్య సీవీఈ-2023-4863, ఇలాంటిదే. వెబ్‌పీ బొమ్మను విప్పడానికి వేసే హఫ్‌మన్ పట్టికకు (కుదించిన కోడ్‌లను తిరిగి విలువలుగా మార్చే జాబితా) ముందుగా లెక్కేసిన చోటు చాలక, రాత పక్కకు పొర్లేది. లిబ్‌వెబ్‌పీ 1.3.2లో, క్రోమ్ 116.0.5845.187లో, ఫైర్‌ఫాక్స్ 117.0.1లో దాన్ని సరిచేశారు. ఈ డీకోడర్ ఒక్కచోట ఉండేది కాదు. బ్రౌజర్లలో, చాట్ యాప్‌లలో, ఫోటో ఎడిటర్లలో ఎవరి కాపీ వారిది. విండోస్ అప్‌డేట్ చేసేశాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది విండోస్ సొంత డీకోడర్లను మాత్రమే బాగుచేస్తుంది. మిగతా ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా చూసుకోవాల్సిందే.

మొదలుపెట్టే ముందు సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంచండి, రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ను వెనకటి స్థితికి తెచ్చే గుర్తు) పెట్టుకోండి, జాబుల ఫోల్డరును బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ చేసి ఆ హార్డ్‌డిస్క్‌ను కంప్యూటరు నుంచి ఊడదీయండి. యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలైనా నిలబడుతుందో లేదో చూడండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే విండోస్ మళ్లీ లేవకపోయే అవకాశం ఉంది. షాపులో మూడు కంప్యూటర్లుంటే మూడూ ఒకేసారి ముట్టుకోవద్దు. ఒకటి చేసి, దాని మీద రెండడుగుల ఫ్లెక్స్ ముక్క ప్రింటు తీసి, రంగులు, సైజు సరిగ్గా వచ్చాకే రెండోదానికి వెళ్లండి.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ నడిపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ నడపండి. ఏమీ లేవు అని చెప్పేదాకా ఆపొద్దు. తర్వాత మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరిచి, లైబ్రరీలో అప్‌డేట్లు తీసుకోండి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ఫొటోస్ యాప్, ఐఫోన్ ఫోటోలు విప్పే హెచ్‌ఈఐఎఫ్ ఎక్స్‌టెన్షన్, వెబ్‌పీ ఎక్స్‌టెన్షన్, కెమెరా రా ఎక్స్‌టెన్షన్, ఇవన్నీ స్టోర్ ద్వారానే వస్తాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు అప్‌డేట్లు రాకపోతే, ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ డేటా ఆదా చేయడానికి చాలావాటిని ఆపేస్తుంది.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 7కి 2020లోనే అయిపోయింది, క్రోమ్ కూడా 109తో ఆగిపోయింది. బయటి ఫోటోలు తెరిచే పనికి విండోస్ 7 కంప్యూటరు వాడొద్దు.

క్రోమ్‌లో మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్. అక్కడ రీలాంచ్ కనిపిస్తే కొత్త వెర్షన్ దిగింది గానీ నడుస్తున్నది పాతదే అని అర్థం. వారం రోజులు క్రోమ్ మూయకుండా ఉంచే షాపుల్లో ఇదే జరుగుతుంది. ఇర్ఫాన్‌వ్యూలో ప్రోగ్రాముతోపాటు ప్లగిన్ల ప్యాకేజీ కూడా అదే వెర్షన్‌ది, అదే బిట్‌ది (32 లేదా 64) వేయాలి. ఎక్కువ ఫార్మాట్లను విప్పేది ప్లగిన్లే. జింప్ ఉంటే కనీసం 2.10.36 అయి ఉండాలి. పీఎస్‌డీ, డీడీఎస్, పీఎస్‌పీ రకం బొమ్మ ఫైళ్లను విప్పే కోడులోని లోపాలు అందులో మూశారు.

విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. 6.23కి ముందున్న వెర్షన్లలో, ఆర్కైవ్‌లో (అలా మూటకట్టిన ఫైలులో) కనిపించే జేపీజీ మీద డబుల్ క్లిక్ చేస్తే, అదే పేరుతో పక్కనే ఉన్న ఫోల్డరులోని స్క్రిప్టు నడిచేది. 2025లో బయటపడిన ఇంకో లోపం 7.13లో పోయింది. ఇప్పుడున్న దాన్ని తీసేసి తాజాది ఎక్కించండి. వాట్సాప్ డెస్క్‌టాప్‌లో 2.2450.6కి ముందు ఇలాంటి మోసమే సాగేది: చాట్‌లో బొమ్మగా కనిపించేది, నొక్కితే ఫైలు పేరు చివరున్న ఎక్స్‌టెన్షన్ ప్రకారం తెరుచుకునేది. అందుకే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. "పెళ్లికూతురు.జేపీజీ" అని కనిపించినదాని చివర "ఈఎక్స్ఈ" బయటపడితే తెరవకుండా తీసేయండి.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. క్రాక్ చేసిన ఫోటోషాప్‌లో అప్‌డేట్లను క్రాకే అడ్డుకుంటుంది, దానికి ప్యాచ్ వేసే దారి లేదు. లైసెన్సు తీసుకోండి, లేదా జింప్, క్రిటా నేర్చుకోండి. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతో తెలుగు కంపోజింగు చేసేవాళ్లది వేరే ఇబ్బంది. అడోబ్ 2004లోనే పేజ్‌మేకర్‌ను ఆపేసింది, ఇక ప్యాచ్ రాదు. ఆ కంప్యూటరు, ప్రింటరు రిప్ (డిజైన్‌ను ప్రింటరుకు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) నడిపే కంప్యూటరు, రెండింటినీ ఇంటర్నెట్‌కి దూరంగా పెట్టండి. బయటి ఫైళ్లు అందుకోవడానికి అన్ని అప్‌డేట్లూ ఉన్న వేరే కంప్యూటరు కేటాయించి, అక్కడ ఫోటో తెరిచి కొత్త టిఫ్‌గా సేవ్ చేసి, ఆ టిఫ్‌ను మాత్రమే ఇటు పంపండి. అలా మళ్లీ రాసిన ఫైలులో సాధారణంగా పాత బైట్ల మాయ మిగలదు. అందుకునే కంప్యూటరు మీద అడ్మిన్ ఖాతాతో పని చేయొద్దు, స్టాండర్డ్ ఖాతా చాలు.

ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే కోడు ఉండే విడి ఫైలు) పాతదని కనిపిస్తే, ఏదో సైటు నుంచి కొత్త డీఎల్ఎల్ తెచ్చి దాని మీద వేయొద్దు. ప్రోగ్రాము కూలొచ్చు, లేదా ఆ డీఎల్ఎల్‌లోనే వైరస్ ఉండొచ్చు. చాలా యాప్‌లలో డీకోడర్ విడి ఫైలుగా కాక ప్రోగ్రాములోనే కలిసిపోయి ఉంటుంది. అలాంటప్పుడు మొత్తం ప్రోగ్రాము అప్‌డేట్ ఒక్కటే మార్గం. విండోస్ బదులు ఉబుంటు (లినక్స్ రకం) వాడేవాళ్లు లైబ్రరీ అప్‌డేట్ అయ్యాక లాగవుట్ అయి మళ్లీ రావాలి, లేకపోతే తెరిచి ఉన్న ప్రోగ్రాములు మెమరీలోని పాత కాపీతోనే నడుస్తాయి. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ రూపంలో వేసుకున్న ప్రోగ్రాములు తమ కాపీలు తామే మోసుకొస్తాయి, వాటిని విడిగా అప్‌డేట్ చేయాలి.

ఫోల్డరు తెరవగానే ఎక్స్‌ప్లోరర్ మళ్లీ మళ్లీ కూలిపోతుంటే, థంబ్‌నెయిల్ (ఫోల్డరులో కనిపించే చిన్న బొమ్మ) కోసం ఏదో ఒక ఫోటోను విప్పబోయి తడబడుతోందని అనుమానించాలి. ఫోటో నొక్కకపోయినా డీకోడర్ నడిచినట్టే. ఆ ఫైలును ఇంకో ప్రోగ్రాములో తెరిచి చూద్దామనుకోకండి. నెట్ కేబుల్ పీకి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో థంబ్‌నెయిల్స్ వద్దు, ఐకాన్లు చాలు అనే టిక్ పెట్టి, ఆ ఫైలు తీసేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. పంపినవారికి ఫోన్ చేసి అడగండి, వాళ్ల ఫోనులోనో కంప్యూటరులోనో ముందే ఏదో చేరి ఉండొచ్చు.