సియెర్రా అడవుల్లో బేర్ బాక్స్ ఎక్కడుందో కనుక్కోవడం ఎలా

కాలిఫోర్నియాలోని సెకోయా, కింగ్స్ క్యాన్యన్ పార్కుల లోపలి అడవిలో కొన్ని క్యాంపుల దగ్గర ఇనుప పెట్టెలు ఉంటాయి. ఎలుగుబంటి తెరవలేని ఈ పెట్టెలనే బేర్ బాక్సులంటారు. అన్ని క్యాంపుల్లోనూ ఉండవు కాబట్టి, రాత్రి ఎక్కడ ఆగాలో బయల్దేరకముందే తేల్చుకోవాలి.

పెట్టెలున్న చోట్ల జాబితా పార్కు వెబ్‌సైట్‌లో ఉంటుంది. రే లేక్స్ చుట్టూ తిరిగే దారిలోనైతే ప్యారడైజ్ వ్యాలీ, వుడ్స్ క్రీక్, యారోహెడ్ లేక్, రే లేక్స్, విడెట్ మెడో దగ్గర ఉన్నాయి. అడవిలో సిగ్నల్ దొరకదు. ఆ చోట్లను ఆఫ్‌లైన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. పర్మిట్ తీసుకునేటప్పుడు రేంజర్‌ని అడగండి: పెట్టె ఇంకా అక్కడే ఉందా, మంచులో కూరుకుపోయి ఉందా, తలుపు సరిగ్గా పడుతోందా? సీజన్ మొదట్లో ఎత్తు ప్రదేశాల్లో రెండో ప్రశ్న చాలా ముఖ్యం.

చీకటి పడడానికి కనీసం గంటన్నర ముందే చేరుకోండి. టెంట్లు వేసి వేసి నేల గట్టిపడిన చోట్ల చుట్టూ వెతకండి. ముదురు రంగు పెట్టె చెట్టు చాటున ఉంటే పది అడుగుల దూరం నుంచి కూడా కనపడకపోవచ్చు. వెతికేటప్పుడు తిండి ఉన్న బ్యాగును దారిలో దించి వెళ్లకండి. ఎలుగుబంటి దాకా ఎందుకు, మార్మాట్లు (ఉడుత జాతి కొండ జంతువులు) చాలు దాన్ని కొరికెయ్యడానికి.

పెట్టె అందరిదీ. సొంత తాళం వేయకండి, మిగిలింది వదిలి వెళ్లకండి. వంట చేస్తున్నా సరే, తీసుకున్న వెంటనే తలుపు మూసి, గడియ పెట్టి, ఒకసారి గట్టిగా లాగి చూడండి. సగం పడిన గడియ వేయనట్టే. టెంట్ కాస్త దూరంగా వేసుకోండి.

తిండి ఒక్కటే కాదు, వాసనొచ్చేవన్నీ లోపలికే: టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, కొబ్బరినూనె, ఖాళీ ప్యాకెట్లు, చెత్త. మనవాళ్లు తప్పకుండా తెచ్చే ఆవకాయతో ఇంకా జాగ్రత్త. నూనె కారిందంటే బ్యాగంతా వాసన పడుతుంది. ఆ తర్వాత సీసాను పెట్టెలో దాచినా బ్యాగు వాసన పోదు. మూత బిగుతుగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, రెండు జిప్ కవర్లలో పెట్టండి.

పెట్టె ఉంది కదా అని క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని, వెంట మోసుకెళ్లే గట్టి డబ్బా) మానేయొద్దు. రే లేక్స్ ప్రాంతంలో అది తప్పనిసరి, పైగా పెట్టె నిండిపోయి ఉండొచ్చు. బేర్‌వాల్ట్ బీవీ500 అనే క్యానిస్టర్‌లో 11.5 లీటర్లు పడతాయి, బరువు 1.16 కిలోలు. మరమరాలు చోటంతా తినేస్తాయి. అటుకులు, పొడులు నయం. చివరి రోజువి అడుగున సర్దండి. రాత్రి క్యానిస్టర్‌ను టెంటుకు దూరంగా, వాగుకీ లోయ అంచుకీ దూరంగా నేలమీదే పెట్టండి. తాడు కట్టకండి, ఎలుగుబంటి దాన్ని పట్టుకుని ఈడ్చుకుపోతుంది.

సియెర్రాలోనే ఉన్న మరో పార్కు యోసెమిటీలో అడవంతా క్యానిస్టర్ తప్పనిసరి. తిండిని చెట్టుకు వేలాడదీయడం అక్కడ నిషిద్ధం. యోసెమిటీ వ్యాలీలో రాత్రిపూట కారులో తిండి ఉంచకూడదు. ట్రెయిల్ మొదట్లోని పెట్టెల్లో పెట్టాలి. బయల్దేరే ముందు చైల్డ్ సీటు కింద రాలిన బిస్కెట్ ముక్కలు కూడా ఏరేయండి.